పరీక్షకెళ్లిన చేప

అత్తగారు మేత గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుని అప్పటికి రెండు గంటలయింది.

ఆవేశంలో వెళ్లిన మనిషి కాదు. వెళ్తూ వెళ్తూ మడత కుర్చీ, ఫ్లాస్కు, కళ్లజోడు, ఫోను, దాని ఛార్జరు చంకన పెట్టుకుని మరీ వెళ్లింది. ఛార్జరు మరిచిపోని అలక సాయంత్రం దాకా సాగుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కోడలు తలుపు బయట బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంది.

"అత్తయ్యా, తొమ్మిదయింది. చేపలకి ఇంకా మేత పడలేదు."

"ఒక పూట మేత పడకపోతే చేపలేమీ చావవు. మాట పడితే మనుషులే చస్తారు."

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు కదా."

"అవునమ్మా, ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టావు. నిన్న భోజనాల దగ్గర నువ్వు చెంచా కింద పెట్టిన చప్పుడు నాకింకా వినపడుతూనే ఉంది. దానికంటే నాలుగు తిట్లు నయం."

చెంచా చప్పుడు కాస్త గట్టిగానే వచ్చిన మాట నిజం.

నిన్న మధ్యాహ్నం చేపల ల్యాబు రిపోర్టు వచ్చింది. సీసం లేదు, కాడ్మియం లేదు, ఉన్నా కొలతకి అందనంత. ఇల్లంతా సంబరపడింది. ఊరి చివర బడి హాస్టలుంది, నాలుగువందలమంది పిల్లలు. వారానికి మూడు రోజులు వీళ్ల మూడో చెరువు చేపలు తీసుకుంటామన్నారు హాస్టలువాళ్లు. ఒకటే షరతు, ఆ కాగితం.

వాళ్లు కాగితం అడగడానికి కారణం కోడలే. చేపల పొడితో చేసిన గుళికలు మాన్పించి, తవుడు, నూనె తీసిన చెక్క, పళ్లరసం ఫ్యాక్టరీలో మిగిలిన పిప్పి కలిపి మేత చేయించడం రెండేళ్ల కిందట ఆమే మొదలుపెట్టింది. అప్పటినుంచి అత్తగారు చాటుగా, భర్త ఎదురుగానే, ఆమెని 'తవుడు టీచరు' అంటారు.

రిపోర్టు కంచాల మధ్య చేతులు మారుతుంటే, ఆ సంబరంలో అత్తగారు నోరు జారింది. "రాకేం చేస్తుంది? చేపని ఏరింది ఎవరు మరి?" అంది.

ఏరడమేమిటని అడిగితే, చక్కగా, దాచకుండా చెప్పింది. కొడుకు మూడో చెరువునుంచి పట్టి మంచుపెట్టెలో పెట్టిన మూడు చేపల్లో ఒకదానికి తోక చిరిగిందట. ఇంకోదానికి వల ఒరుసుకుని పొలుసులు లేచాయట. మూడోది మరీ నీరసంగా చూస్తోందట. అందుకని ఆ మూడూ తీసేసి, వంటింటి వెనక సిమెంటు తొట్టిలో తను సొంతంగా పెంచుకుంటున్న మూడింటిని పెట్టి పంపిందట.

ఆ తొట్టి చేపలు పుట్టి బుద్ధెరిగాక తవుడు మొహం చూడలేదు. రొట్టె ముక్కలు, కూరగాయల తొక్కలు తిని పెరిగాయి.

అదీ చెంచా కింద పెట్టిన సందర్భం. వెంటనే కోడలు ల్యాబుకి ఫోను చేసి, ఆ రిపోర్టు మా చెరువుది కాదు, ఈసారి మీరే వచ్చి చేపల్ని, మేతని తీసుకెళ్లండి అని చెప్పేసింది. పదకొండింటికి వస్తామన్నారు. హాస్టలు వ్యాను పన్నెండింటికి రావాలి.

ఆ మేత ఇప్పుడు అత్తగారి కాళ్ల కింద ఉంది.

"పెద్ద చదువులు చదివినదానివి, నువ్వే చెప్పు," అంది తలుపు వెనకనుంచి ఆవిడ. "ఆఫీసువాళ్లకి చేప పంపుతున్నాం. తోక చిరిగిన చేప పంపితే మన మర్యాద ఏమవుతుంది?"

"అది బహుమతి కాదు అత్తయ్యా, పరీక్ష."

"పరీక్షే అనుకో. పరీక్షకి తెలివైన పిల్లనే పంపుతారుగా?"

"పరీక్ష రాయాల్సిన పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి, పక్కింటి పిల్లని పంపారు మీరు."

లోపల కుర్చీ కిర్రుమంది. తరవాత ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు వినిపించింది.

కోడలు లేచి చెరువు గట్టుకి వెళ్లింది. మామగారు గట్టుమీద పీటేసుకుని, మోకాళ్లమీద వల పరుచుకుని చిరుగులు కుడుతున్నారు. భర్త పంపుసెట్టు గది గోడకి ఆనుకుని ఫోను చూస్తున్నాడు. చూస్తున్నాడే గానీ వేలు కదలడం లేదు.

"తీసిందా?"

"లేదు."

"తీయదు. నేను పదో తరగతి తప్పినప్పుడు వంటింట్లో రెండు రోజులు గడియ పెట్టుకుంది. తప్పింది నేను, అలిగింది ఆవిడ." గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దామా? ఈసారికి వ్యానుకి చేపలు పంపేద్దాం. నువ్వు అడిగిన పరీక్ష ఎలాగూ చేయిస్తున్నాం. వచ్చేసారి నుంచి కొత్త రిపోర్టు ఇద్దాం. చేపలు ఎగురుతున్నాయి, తింటున్నాయి, జబ్బూ గిబ్బూ ఏమీ లేదు."

"సీసానికి చేప దగ్గదండీ. ఎగురుతూనే ఉంటుంది."

"రెండేళ్లనుంచి మనం తింటున్నాంగా?"

"మనం తినేది అత్తయ్య తొట్టిలోవి."

మామగారు సూది ఆపి, "అది నిజమే," అన్నారు. మళ్లీ కుట్టుకున్నారు.

భర్త ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ మేతమీద నీకే నమ్మకం లేదా?"

వాళ్లూ వీళ్లూ అడిగే ప్రశ్నలన్నిటికీ ఆమె దగ్గర జవాబులు తయారుగా ఉండేవి. ఇది మాత్రం వాటిలో లేదు.

మొక్క నేలలో ఏముంటే అది పీల్చుకుంటుందని, పీల్చుకున్నదాన్ని గింజ పైపొరలో దాచుకోవచ్చని, ఆ పైపొరే తవుడని ఆమె చదివింది. చదివాక తవుడు మిల్లుకి, చెక్క కొట్టుకి, ఫ్యాక్టరీకి స్వయంగా వెళ్లి, ఏ పొలం, ఏ నీళ్లు అని అడిగి, వాళ్లచేత విసుక్కోబడి వచ్చింది. మొదటి ఏడాది మేతని పరీక్ష చేయించింది కూడా. బాగుందన్నారు. రెండో ఏడాది చేయించలేదు. బాగుందన్నారు కదా అని.

"నమ్మకం ఉంది. అందుకే కొలవమంటున్నాను."

"కొలిస్తే ఎక్కువొస్తే?"

చెరువులో చేపలు మేత వేసే చోట గుంపుగా చేరి, నీటి పైకి నోళ్లు తెరిచి చూస్తున్నాయి.

"ఎక్కువొస్తే రెండేళ్లూ వృథా. మీరు మళ్లీ గుళికలు కొనుక్కుంటారు. నేను వంటింట్లోకి పోతాను."

"వంటింట్లో అమ్మ ఉందిగా."

"లేదు. మేత గదిలో ఉంది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వలేదు. నవ్వితే ఎవరో ఒకరు ఓడిపోయినట్టవుతుందని.

ల్యాబు మేడమ్ అరగంట ముందే వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. స్కూటరు దిగి, వెనక కట్టిన స్టీలు పెట్టె విప్పి, నమస్కారం పెట్టిన చేతులకే గ్లవుజులు తొడుక్కుంది. నవ్వూ లేదు, చిరాకూ లేదు.

"మేత ఎక్కడుందండీ?"

కోడలు మూసిన తలుపు వైపు చూసింది. చూసి, "లోపల..." అని ఆగింది.

"ఎవరొచ్చారు?" అంది తలుపు.

"ల్యాబు మేడమ్ వచ్చారు అత్తయ్యా."

"ఎండలో నిలబెట్టావా ఏమిటి ఆవిడని? కుర్చీ వేశావా?"

"మంచి కుర్చీ మీ దగ్గరుంది."

"మంచినీళ్లయినా ఇచ్చావా లేదా?"

"నాకేమీ వద్దండీ," అంది మేడమ్ తలుపుతోనే, అదేదో రోజూ జరిగే విషయంలాగా. "పరీక్షకొచ్చినచోట మేం ఏదీ పుచ్చుకోకూడదు."

"టీ తాగరా?"

"తాగనండీ."

"మంచినీళ్లు కూడానా?"

"కూడానండీ."

గడియ తీసిన చప్పుడయింది.

మూడున్నర గంటలు కొడుకు బతిమాలినా, కోడలు వాదించినా తెరుచుకోని తలుపు, మంచినీళ్లు వద్దన్న మనిషిని కళ్లారా చూడ్డానికి తెరుచుకుంది. అత్తగారి నెత్తిమీద, కనుబొమలమీద తవుడు సన్నగా పరుచుకుని ఉంది. కోపం మాత్రం ఎక్కడా దుమ్ము పట్టలేదు.

"గుక్కెడు నీళ్లు తాగకూడదని ఏ ఆఫీసులో రాశారమ్మా?"

"మా ఆఫీసులోనేనండీ. గోడమీద ఉంది."

అత్తగారు ఆ గోడని మనసులోనే చూసి, నచ్చలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. తరవాత అసలు విషయానికొచ్చింది. "నేను పంపిన చేప ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ."

అత్తగారు కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో నిన్నటి చెంచాకి జవాబుంది.

"కానీ మీరు అమ్మే చేప అది కాదట కదా," అంది మేడమ్, గదిలోకి నడుస్తూ.

గదిలో రెండు వరసలుగా మేత సంచులున్నాయి. మేడమ్ తన పొడుగాటి స్టీలు గొట్టాన్ని ఒక్కో సంచిలో గుచ్చి, పైనుంచి కొంత, మధ్యనుంచి కొంత, అడుగునుంచి కొంత తీసింది. తీస్తూ కాగితంమీద ఉన్న ప్రశ్నలు వరసగా అడిగింది. తవుడు ఎక్కడిది, చెక్క ఎక్కడిది, పిప్పి ఎన్నాళ్లు నిలవుంటుంది. కోడలు తడుముకోకుండా చెప్పింది. ఇది ఆమెకొచ్చిన పాఠం.

"సంచులు మిల్లువాళ్లవేనా?"

ఇది రాదు. కోడలు నోరు తెరిచేలోగా అత్తగారే అందుకుంది.

"మావే. మిల్లు సంచులు రెండుసార్లు దులిపితే చాలు చిరుగుతాయి. మన సంచి మనం పట్టుకెళ్తే మిల్లువాడికీ సుఖం. ఆ బరువు సంచులు చూడండి, ఆ నల్ల అంచువి. ఏనుగెక్కినా చిరగవు. మా తమ్ముడిచ్చాడు."

మేడమ్ పెన్ను ఆగింది. "తమ్ముడుగారు ఏం చేస్తారండీ?"

"పాతసామాను కొట్టు. ఇనుము, అట్టలు, పాడైన బ్యాటరీలు. అవన్నీ విప్పి దేనికది వేరు చేసి పంపుతుంటాడు."

"ఈ సంచుల్లో ఏం పోసేవారు?"

"బ్యాటరీల్లో బిళ్లలుంటాయి చూడండి, బరువుగా. అవే. అందుకే గదా అంత గట్టి సంచులు."

బ్యాటరీ బిళ్లలంటే సీసం. ఏం జరిగిందో తెలియనిది ఒక్క అత్తగారికే. అది కూడా ఎంతోసేపు కాదు. కోడలి మొహం చూసింది, మేడమ్ మొహం చూసింది, సంచి వైపు చూసింది.

ఆ ఇంట్లో పనులు ఏనాడో పంచుకున్నారు. సంచిలో ఏముండాలన్నది కోడలి పని. సంచి అత్తగారి పని. దులపడం, ఉతకడం, ఎండేయడం, చిరుగులు కుట్టడం, చిరిగినవాటి బదులు కొత్తవి సంపాదించడం. కోడలు మూడు ఊళ్లు తిరిగి తవుడు పండిన నేల గురించి అడిగింది గానీ, తన పెరట్లో దండెంమీద ఆరుతున్న సంచుల గురించి ఒక్కమాటా అడగలేదు. ఎదుటివాళ్ల పనిలో వేలు పెట్టకపోవడం ఆ ఇంట్లో మర్యాద. ఆ మర్యాదవల్లనే అత్తా కోడళ్లు ఇన్నేళ్లు కొట్టుకోకుండా ఉన్నారు.

కోడలు ఖాళీ సంచి ఒకటి తీసి లోపలివైపు తిరగేసింది. బట్ట శుభ్రంగానే ఉంది. కుట్ల మడతల్లో మాత్రం బూడిదరంగు పొడి గీతలాగా పేరుకుని ఉంది. వేలు పెట్టబోయింది.

"చేత్తో ముట్టుకోకండి," అంది మేడమ్.

"ఉతికాను," అంది అత్తగారు. గొంతు కాస్త చిన్నదైంది. "ఊరికే కాదు, సబ్బు పెట్టి మూడుసార్లు. మీరు కావాలంటే వాసన చూడండి."

"ఎక్కడ ఉతికారండీ?"

అత్తగారు గుమ్మం బయటికి చూసింది. గట్టుమీదనుంచి మామగారు వల పక్కన పెట్టి ఎప్పుడొచ్చారో, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"మూడో చెరువు మెట్లమీద," అన్నారాయన.

మేడమ్ రాసుకుంది. ఆ మూడు మాటలూ రాయడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది కోడలికి.

"ఎన్నాళ్లయింది అత్తయ్యా, ఈ సంచులు వాడబట్టి?"

"రెండు నెలలు దాటింది." ఆవిడ కుర్చీలో కూర్చుంది. "నువ్వు ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని."

"మీరు ఒక్కసారి చెబితే అడిగేదాన్ని."

ఇద్దరూ చెప్పింది నిజమే. రెండు నిజాలూ కలిపినా సంచి తెల్లబడలేదు.

మామగారు వల విసిరారు. తోక చిరిగినవాటిని ఎవరూ ఏరి అవతల పడేయలేదు. మొదట పడిన మూడింటినీ మేడమ్ పెట్టెలో పెట్టి, మంచు పోసి, మూతమీద కాగితం అతికించి సంతకం చేసింది. మెట్ల దగ్గర బురద ఒక సీసాలోకి, నీళ్లు ఇంకో సీసాలోకి తీసుకుంది.

"మాంసం వేరుగా, కాలేయం వేరుగా చూస్తాం. ఉంటే కాలేయంలో ముందు తెలుస్తుంది. నాలుగు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులా?" అన్నాడు భర్త. "వ్యాను ఇంకో గంటలో వస్తోంది మేడమ్. ఈలోగా ఏం చేయమంటారు?"

"నేను నమూనా తీసుకునే మనిషినండీ. ఆపమని చెప్పే అధికారం నాకు లేదు, పంపమనీ చెప్పను."

"పోనీ, ఒక పూట తింటే ఏమవుతుంది?"

మేడమ్ గ్లవుజులు విప్పి మడిచింది. "ఒక పూటకి ఏమీ తెలియకపోవచ్చు. ఇది కడుపునొప్పి తెచ్చేది కాదండీ, పోగయ్యేది. పెద్దవాళ్లకంటే పిల్లల ఒంట్లో ఎక్కువ చేరుతుంది." పెట్టె చేతిలోకి తీసుకుంది. "అసలు లేకపోనూవచ్చు. ఊరికే భయపెట్టానని నాలుగు రోజుల తరవాత మీరే తిట్టుకోవచ్చు."

స్కూటరు వెళ్లిపోయింది. అత్తగారు మంచినీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని అప్పటిదాకా నిలబడే ఉంది. చివరికి ఆ నీళ్లు తనే తాగేసింది.

భర్త చొక్కా జేబులోంచి మడిచిన రిపోర్టు తీశాడు. "చూడు, దీంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ముద్ర ఉంది, సంతకం ఉంది. హాస్టలువాళ్లు అడిగింది ఇదే."

"అది ఆ తొట్టి చేపల గురించి నిజం."

"ఇవాళ వ్యాను ఖాళీగా పోతే వార్డెను మళ్లీ మన గుమ్మం తొక్కడు. తవుడు మేత చేపలంటే ఇంతేనని ఊరంతా అనుకుంటారు. తప్పు సంచిదని ఎవరూ అనరు, నీ మేతదే అంటారు. అది ఆలోచించావా?"

"నిన్నటినుంచి అదే ఆలోచిస్తున్నాను."

"మరి?"

"నాలుగు రోజుల తరవాత ఆ కాలేయంలో ఏముందో తెలుస్తుంది. ఇవాళ పంపిన చేపల్ని మాత్రం అప్పుడు వెనక్కి తెచ్చుకోలేం."

భర్త ఏదో చెప్పబోయాడు. పెదవి కదిలింది. చెప్పలేదు. అప్పుడామె దాన్ని పట్టించుకోలేదు, కోపమనుకుంది.

పన్నెండుకి పది నిమిషాలుండగా వ్యాను గేటు ముందు హారను కొట్టింది. అందరికంటే ముందు కదిలింది అత్తగారు. కొంగు దులుపుకుని, తలమీద తవుడు తుడుచుకుని, గేటు దగ్గరికెళ్లి డ్రైవరుకి నవ్వుతూ చెప్పింది.

"ఇవాళ చేపలు లేవు బాబూ. వల చిరిగింది."

డ్రైవరు ఆవిడ భుజం మీదుగా చూశాడు. మామగారు తడి వలని చక్కగా మడత పెడుతున్నారు.

"చిరిగింది, కుట్టేశాను," అన్నారాయన, అడగకుండానే.

అత్తగారు మొగుణ్ణి చూసిన చూపుకి వల మళ్లీ చిరగాలి.

కోడలు ముందుకొచ్చింది. "వల బాగానే ఉందండీ. చేపలే ఆపాం. మాకు అనుమానమొచ్చి మళ్లీ పరీక్షకి పంపాం. నాలుగు రోజుల్లో తెలుస్తుంది. బాగుంటే మేమే కబురు చేస్తాం. మీ వార్డెనుగారికి ఇప్పుడే ఫోను చేసి చెబుతాను."

నెంబరు నొక్కింది. డ్రైవరు తలగోక్కున్నాడు.

"అదేంటమ్మా? ఈ చేపలకేం? పోయినవారం సారు పంపిన పెట్టెలు అంత బాగున్నాయన్నారుగా పిల్లలు. అవి చూసే కదా ఈసారి రెట్టింపు రాశారు."

కోడలు ఫోను చెవికి ఆనించుకునే ఉంది. అవతల రింగవుతోంది.

"ఏ పెట్టెలు?"

డ్రైవరు భర్త వైపు చూపించాడు. భర్త నేల వైపు చూశాడు.

"రుచి చూడమని పంపాను," అన్నాడు. "అప్పటికింకా రిపోర్టు రాలేదు. వచ్చాక చెబుదామనుకున్నాను."

"ఏ చెరువువి?"

"అమ్మే సైజుకొచ్చినవి ఇంకెక్కడున్నాయి?"

అత్తగారు గేటు ఊచ పట్టుకుంది.

"అయిపోయాయా అవి?" అని డ్రైవరుని అడిగింది కోడలు.

"ఐసుపెట్టెలో పెట్టి రోజుకి కాస్త వండుతున్నారమ్మా. ఇవాళ మధ్యాహ్నంతో ఆఖరు."

అవతల ఫోనెత్తారు. మనిషి మాటకంటే ముందు, వందల కంచాలు ఒక్కసారి సర్దుకుంటున్న చప్పుడు ఆమె చెవిలో పడింది.